దీర్ఘం ఇప్పించిన లైసెన్సు

డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో ఒకే ఒక్క ఫోను కొట్టి, మూతబడిన స్కూలు తెరిపించి, దానికి తనే హెడ్‌మాస్టరై, మూడువేల ముల్లంగుల్ని విద్యార్థులుగా చేర్చుకుని, అన్నిటికీ పొగబెట్టి పాసు చేయించిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆవిడ మా కియో అవ్వ. అకితా కొండల్లో, మా కమినొసావ ఊళ్ళో, మా ఇంటికి ఎదురిల్లు. నమ్మనివాళ్ళు రండి, స్కూలు చూపిస్తాను. చెప్పులు మాత్రం గుమ్మం బయట విడవాలి, లేదంటే అవ్వ చీపురు తిరగేస్తుంది.

ముందు ఒక మాట సంగతి చెప్పాలి. ఊరగాయని మా కొండవైపు ‘గక్కొ’ అంటాం. చివర పొట్టిగా, ముల్లంగి ముక్క కొరికినట్టు తెగిపోవాలి. అదే మాటని చివర దీర్ఘమిచ్చి ‘గక్కో’ అని సాగదీస్తే జపాన్ దేశమంతటా బడి అని అర్థం. దీర్ఘం ఉన్నదాన్ని నేను పదో తరగతితో వదిలేశాను. పొట్టిదాన్ని ఇంతవరకు ఒక్క పూటైనా వదల్లేదు. చిక్కెక్కడంటే, మా ఊళ్ళో చలికి ఎవరూ నోరు పూర్తిగా తెరవరు. తెరిస్తే నాలుక గడ్డకట్టి, వసంతం దాకా అలాగే ఉండిపోతుంది. మా పెదనాన్నకి అలాగే జరిగింది. అందుకని మా మాటల్లో దీర్ఘం ఎక్కడుందో, పొట్టి ఎక్కడుందో పుట్టి పెరిగినవాడికి తప్ప తెలియదు.

కియో అంటే శుభ్రమని అర్థం. పేరుకి తగ్గట్టే ఉంటుంది మనిషి. ఎత్తు మాత్రం మంచు తోడే పారకన్నా రెండంగుళాలు తక్కువ. శీతాకాలం ముందు ఆవిడ పొలంలోంచి ముల్లంగులు పీకి, కడిగి, గడ్డి తాడుతో జడల్లా అల్లి, పొగ కొట్టంలో దూలాలకి వేలాడదీస్తుంది. కింద చెర్రీ కట్టె, ఓక్ కట్టె నిప్పు రాత్రీ పగలూ ఆరకూడదు. తెల్లగా బొద్దుగా వేలాడదీసిన ముల్లంగి దిగేసరికి మా తాత నడుముకి కట్టుకునే తోలు బెల్టులా గోధుమరంగులో ముడతలు పడి ఉంటుంది. అప్పుడు దాన్ని తవుడు, ఉప్పు, పంచదార కలిపి పీపాలో పరిచి, మూత మీద బరువు రాయి పెడుతుంది. మంచు కరిగేసరికి తయారు. పలచగా కోసి నోట్లో వేసుకుంటే కర్రుమని చప్పుడొస్తుంది. ఆ చప్పుడుకి పక్క లోయలో మేస్తున్న జింక తలెత్తి చూడటం నేను కళ్ళారా చూశాను. ఆవిడ ఒంటికి పట్టిన పొగ వాసన ఎంతంటే, ఒకసారి పుట్టగొడుగుల కోసం అడవిలోకి వెళ్తే ఎలుగుబంటి ఎదురొచ్చి, వాసన చూసి, పెద్దావిడ అనుకుని దారి వదిలి వంగి దండం పెట్టి వెళ్ళింది.

ఇలా నడుస్తున్న మనిషి నెత్తిన పడింది కొత్త రూలు. ఊరగాయ చేసి అమ్మేవాళ్ళకి ఇకనుంచి లైసెన్సు ఉండాలి. ఈ సంగతి చెప్పడానికి ఆరోగ్య శాఖ ఆఫీసు నుంచి నిషివకి అని ఒక కుర్ర అధికారి వచ్చాడు. ఊరి సభామందిరంలో ఊరగాయలు పెట్టే ముసలమ్మలందరూ చేరారు. మనిషి సన్నగా, మర్యాదగా ఉన్నాడు. మాటకో ‘దయచేసి’ పెడతాడు.

“దయచేసి అందరూ వినాలండీ. సరుకు తయారుచేసే గది, ఇంట్లో వండుకునే వంటగది ఒకటే అయి ఉండకూడదండీ. నేల, గోడలు నీళ్ళు పోసి కడగడానికి వీలుగా ఉండాలి. చేతులు కడుక్కునే కుళాయిని వేళ్ళతో ముట్టుకోకుండా తిప్పగలగాలి. మే నెలాఖరు దాటితే లైసెన్సు లేకుండా అమ్మడానికి వీలుండదండీ.”

“వేళ్ళతో ముట్టుకోకుండా ఎట్టా తిప్పేది, ముక్కుతోనా?” అంది మత్సు వదిన. ఊరంతా వదిన అని పిలిచే ఈవిడ అవ్వకి చిన్ననాటి నేస్తం, పక్క పొలం. ఇద్దరూ ఒకరినొకరు దెప్పుకోకుండా టీ తాగరు.

“మోచేత్తోనండీ.”

“నా మోచెయ్యి పైకి లేచి పదేళ్ళయింది నాయనా. ఇక నేను మానేస్తున్నా. హాయిగా టీవీ చూసుకుంటా. ఏమే కియో, నువ్వూ మానెయ్. మనం ఊరేసింది చాల్లే.”

కియో అవ్వ వచ్చి నా చిన్న లారీ ఎక్కింది. దారంతా నేను కబుర్లు చెబుతూనే ఉన్నాను. ఇంటి ముందు దిగాక అంది.

“ఒరే యసుకే, మానెయ్యడం కష్టమేం కాదురా. తినడానికి చేసుకోవచ్చుగా అంటారు. తినేదెవరు? మీ తాత పోయాక నేనొక్కదాన్నే కదా. పీపా నిండితేనే గక్కొకి రుచి వస్తది. నా ఒక్కదానికి పీపాడు ఊరేస్తే పిచ్చిముండ అనరూ? నాలుగు ముల్లంగులు డబ్బాలో వేసుకుంటే అది గక్కొ కాదు, మందు.”

అదీ విషయం. లైసెన్సు వస్తే పీపాలు నిండుతాయి, హైవే పక్క రైతుల సంతలో ఆవిడ పేరున్న పొట్లాల కోసం జనం నిలబడతారు. రాకపోతే పొగ ఆగిపోతుంది. ఇక మధ్యలో ఏమీ లేదు.

కొత్త గది కడదామని నేను ముందుకొచ్చాను. నాకు వడ్రంగం వచ్చు, తాపీ పని వచ్చు, లారీ నడపడం వచ్చు. ఒకప్పుడు ఒంటిచేత్తో ఒక్క మధ్యాహ్నంలో వంతెన కట్టాను, వరద రాకపోతే ఇప్పటికీ ఉండేది. పెరట్లో నీలం టార్పాలిన్ పట్టాలు కట్టి గది కొలతలు చూపించాను. ఆ రాత్రి కురిసిన మంచుకి నా గది మొత్తం కూలి పలక అయింది.

“బాగుందిరా నీ ఫ్యాక్టరీ. అప్పుడే మడత కూడా పెట్టేశావు,” అంది అవ్వ.

సరైన గది కట్టించే స్తోమత ఆవిడకి లేదు. అందుకని ఆఖరి ప్రయత్నంగా, ఊళ్ళో ఎక్కడైనా ఖాళీ చోటు దొరుకుతుందేమో, ఉంటే దానికి లైసెన్సు ఇస్తారేమో కనుక్కుందామని పట్నంలోని ఆఫీసుకి ఫోను చేసింది. అవ్వకి చెవులు సరిగా వినపడవు. ఫోను స్పీకర్‌లో పెట్టి, బల్ల మీద ఉంచి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని, కొండ అవతలివాళ్ళని పిలుస్తున్నట్టు అరిచింది. నేను బల్లకి ఇటువైపు గక్కొ తింటూ కూర్చున్నాను.

“హలో! ఆఫీసేనా? నేను కమినొసావ నుంచి కియోని. గక్కొ నడుపుకోడానికి లైసెన్సు కావాలమ్మా!”

అవతల ఎత్తిన అమ్మాయి ఈమధ్యే దక్షిణాది నుంచి వచ్చి ఉద్యోగంలో చేరిందట. ఆ పిల్లకి మా పొట్టి దీర్ఘాల సంగతి ఏం తెలుస్తుంది?

“గక్కో... నాండీ?”

“ఆఁ, గక్కొనే.”

“ఇప్పుడెక్కడ నడుపుతున్నారండీ?”

“మా వంటింట్లో. పెళ్ళయి వచ్చినప్పట్నించీ అక్కడే.”

“వంటింట్లోనా! పర్మిషన్ లేకుండానా?”

“మా అత్త కూడా లేకుండానే నడిపిందమ్మా. ఇప్పుడే కదా మీరు అడుగుతుంది. వంటింట్లో వద్దంటున్నారుగా, అందుకే వేరే చోటు కావాలి. ఖాళీగా ఉన్నదేదైనా సరే.”

“మొత్తం సంఖ్య ఎంతుంటుందండీ?”

“మూడువేల దాకా.”

“మూడువేలా! కమినొసావలోనా?”

“ఈ ఏడు తక్కువేనమ్మా. వానలకి కొన్ని పాడైపోయాయి.”

“పాడై... పోయారా?”

“వంకరవాటిని కూడా నేను పారెయ్యను. అవీ మంచివే. కాస్త ఎక్కువ నొక్కాలంతే.”

“నొక్కడమంటే, ఎలాగండీ?”

“ముందు జడలు అల్లి దూలానికి వేలాడదీస్తాం కదా. కింద పొగబెడతాం. మెత్తబడ్డాక పీపాలో పక్కపక్కన పడుకోబెట్టి నెత్తిన రాయి పెడతాం. ఇక చలికాలమంతా కిక్కురుమనవు!”

అవతల ఏదో కింద పడిన చప్పుడు. నేను కలగజేసుకుని సర్దిచెప్పాల్సిన మాట నిజమే. కానీ నోట్లో ముక్క ఉంది. అదీకాక, ఇంత మంచి సంభాషణ ఆపడానికి నాకు మనసు ఒప్పలేదు.

“అవ్వగారూ, దయచేసి ఎవరినీ ఏమీ చెయ్యకండి. ఇది మా విభాగం కాదు. విద్యా శాఖ వాళ్ళని రేపే పంపిస్తాం.”

ఫోను పెట్టేసి అవ్వ మురిసిపోయింది. “చూశావురా, ఎంత శ్రద్ధగా అడిగిందో! రేపే మనిషిని పంపుతుందంట.”

మర్నాడు పొద్దున్నే మోకాటి లోతు మంచులో ఒక పెద్దమనిషి వగరుస్తూ కొండెక్కి వచ్చాడు. విద్యా శాఖ ఒగుచి గారు. మా పక్క లోయవాడే, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. చేతిలో ఒక తాళంచెవుల గుత్తి, ముఖంలో ప్రాణం లేదు.

“కియో అవ్వా, నువ్వు గక్కో తెరుస్తున్నావంట?” అన్నాడు గుమ్మంలోనే.

“తెరవడమేంది, ఎప్పట్నించో ఉందిగా. గక్కొ.”

“గక్కో?”

“గక్కొ!”

“అవ్వా, పిల్లలకి పొగబెడుతున్నావని ఆఫీసంతా గగ్గోలుగా ఉంది!”

అవ్వ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. లోపలికి వెళ్ళి ఒక పళ్ళెం తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టింది.

“ఇదిరా గక్కొ!”

ఒగుచి గారు పళ్ళెం వంక చూశాడు. అవ్వ వంక చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వుకి చూరు మీది మంచు మొత్తం ఒక్కసారిగా జారి మా ముగ్గురి మీదా పడింది. నేను పార తెచ్చి ఇద్దర్నీ తవ్వి బయటికి తీశాను. పళ్ళెం మాత్రం అవ్వ చేతిలో చెక్కుచెదరలేదు.

టీ తాగి, గక్కొ రెండు పళ్ళేలు ఖాళీ చేశాక ఆయనకి కాస్త సిగ్గేసింది. ఇంత మంచులో ఇంత దూరం ఊరికే వచ్చానని ఆఫీసులో ఎలా చెప్పడం? “ఎలాగూ తాళాలు తెచ్చాను. మీ ఊరి స్కూలు కప్పు మంచుకి నిలిచిందో లేదో చూసి పోతాను. యసుకే, నువ్వు లారీ తియ్యి.”

మా ఊరి చిన్న స్కూలు మూతబడి చాన్నాళ్ళయింది. పిల్లలు తగ్గిపోయి, మిగిలినవాళ్ళని బస్సులో కింద ఊరికి పంపడం మొదలయ్యాక దాని వైపు ఎవరూ పోలేదు. నాకు ఆ వైపు పోవడానికి అంతకన్నా ముందునుంచే ఇష్టం లేదు. అవ్వ మాత్రం, “నేనూ వస్తా, పట్నంలో ఉంటున్న మా అబ్బాయి చదివిన బడి,” అని రబ్బరు బూట్లేసుకుని లారీ ఎక్కేసింది.

తలుపు తీశాం. గదులన్నీ తిరిగాం. కప్పు బాగానే ఉంది. వసారా చివర ఇంకో తలుపుంది. ఒగుచి గారు తాళం తిప్పి, “ఇది పిల్లల భోజనం వండే గది,” అంటూ లైటు వేశాడు.

అవ్వ గుమ్మంలోనే ఆగిపోయింది.

నేల మొత్తం పలకలు పరిచి, మధ్యలో నీళ్ళు పోయే కాలవ. గోడలకి నిలువెత్తున తెల్ల పలకలు. కిటికీలకి దోమతెర. బారుగా స్టీలు తొట్లు, స్టీలు బల్లలు. తలుపు పక్కన చేతులు కడుక్కునే తొట్టి ఒకటి, దాని కుళాయికి పొడుగాటి పిడి. అవ్వ దగ్గరికెళ్ళింది. మోచేత్తో పిడిని ఒక్క పోటు పొడిచింది. గొట్టాల్లో నీళ్ళు కట్టేసి ఉన్నాయి కాబట్టి ఏమీ రాలేదు. కానీ పిడి తిరిగింది.

“తిరిగిందిరా!” అని అరిచింది. “యసుకే, తిరిగిందిరా! వేళ్ళు పెట్టలేదు, చూశావా? ఒగుచీ, చూశావా?”

ఇంకో వింత ఏంటంటే, అక్కడి తొట్లలో సగం చిన్నపిల్లల ఎత్తుకి కట్టినవి. పెద్దవాళ్ళెవరైనా వంగి నడుం విరగ్గొట్టుకోవాలి. మా అవ్వకి మాత్రం కొలత తీసి కుట్టించినట్టు సరిపోయాయి! ప్రభుత్వం అన్నేళ్ళ కిందటే ఆవిడ కోసం ఫ్యాక్టరీ కట్టించి, ఆవిడ ఎప్పుడు ఫోను చేస్తుందా అని తాళం వేసి ఉంచిందని నా అభిప్రాయం.

“ఈ గది ఎవరికైనా ఇస్తారా?” అని అడిగింది అవ్వ. గొంతు చిన్నదైపోయింది.

“ఇస్తామా అంటావేంటి అవ్వా! ఎవరైనా వాడుకుంటే చాలని ఎప్పట్నించో వెతుకుతున్నాం. నూడుల్స్ కంపెనీవాడొకడు వస్తానన్నాడు, మంచు చూసి పారిపోయాడు. మనుషులు మసలని ఇల్లు మూడు శీతాకాలాల్లో కూలిపోద్ది. నువ్వు తీసుకుంటే నేను హాయిగా రిటైరవుతా.”

అద్దె మాట్లాడుకోడానికి అవ్వకి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. స్కూలు వెనకున్న కట్టెల కొట్టుని పొగ కొట్టంగా వాడుకోవచ్చని కూడా ఒగుచి గారు ఆఫీసులో ఒప్పించాడు. నిషివకికి ఫోను చేస్తే, ఈసారి నేనే మాట్లాడాను, నోరు పూర్తిగా తెరిచి, ‘ముల్లంగి ఊరగాయ’ అని పలికి మరీ. “చాలా సంతోషమండీ. గది సిద్ధం చెయ్యండి, వచ్చి చూస్తాను,” అన్నాడు.

ఆ వసంతం మా ఊళ్ళో చెర్రీ పూలని ఎవరూ చూడలేదు. అందరూ నేల తోముతున్నారు. మత్సు వదిన మొదటిరోజు ఊరికే చూడ్డానికి వచ్చి, గుమ్మంలో నిలబడి దెప్పింది.

“ముసలిదానివి, నీకు ఫ్యాక్టరీ ఎందుకే? టీవీలో ఇప్పుడు మంచి సీరియల్ వస్తుంటే.”

“మరి నువ్వెందుకొచ్చావు?”

“కరెంటు పోయింది.”

“మా ఇంట్లో పోలేదే!”

“మా ఇంట్లో పోయింది. ఆ మూల నువ్వు తోమింది బాలేదు, ఇటివ్వు ఆ బ్రష్షు.”

ఇక మత్సు వదిన ఇంట్లో రోజూ కరెంటు పోయింది. పైకి లేవదన్న మోచెయ్యి గోడ పైవరుస దాకా లేచింది. నేను గొట్టాలు సరిచేసి, కొత్త దోమతెరలు బిగించి, ఓ తలుపు ఊడదీసి తిరిగి పెట్టాను. నా పనికి ఎలకలు సంచులు సర్దుకుని, బారులు తీరి, ఊరు వదిలి వెళ్ళిపోయాయి. వెళ్తూ వెళ్తూ ఒకటి వెనక్కి తిరిగి నాకేసి చూసింది కూడా.

తనిఖీకి నిషివకి మే నెల మధ్యలో వచ్చాడు. తెల్ల టోపీ పెట్టుకుని, తెల్ల బూట్లు వేసుకుని, చేతులు కడుక్కుని గదిలోకి వెళ్ళాడు. ఊరు ఊరంతా వసారాలో కిటికీలకి ముక్కులు ఆనించి నిలబడ్డాం. నేల చూశాడు. కాలవ మూత ఎత్తి చూశాడు. ఫ్రిజ్‌లో వేడికొలిచే గొట్టం పెట్టి చూశాడు. కుళాయిని మోచేత్తో తిప్పాడు. నీళ్ళు ధారగా పడ్డాయి. కిటికీ బయట చప్పట్లు. పెనుగాలి వచ్చిందేమోనని ఆయన తిరిగి చూశాడు.

“బాగుందండీ,” అన్నాడు. “చాలా బాగుంది. ఇంకొంచెం మిగిలింది, అది చూసేస్తే...”

బాగుంది అన్న మాట చెవిన పడగానే అవ్వ ఒళ్ళు దానంతటదే కదిలింది. మా వైపు అంతే. ఇంటికి మనిషి వస్తే టీ, టీతో గక్కొ. ఎవరూ ఆలోచించి చెయ్యరు. తుమ్ము వస్తే ఆలోచించి తుమ్ముతామా? అవ్వ తలుపు తీసి, “రండే, తీసుకురండి!” అంది. అప్పటికే సిద్ధంగా ఉన్న మత్సు వదినా మిగతా ముసలమ్మలూ వేడినీళ్ళ ఫ్లాస్కులు, చాపలు, పళ్ళేలు పట్టుకుని, పొలం బూట్లతోనే బిలబిలమంటూ లోపలికొచ్చేశారు. తళతళలాడే స్టీలు బల్ల మీద పళ్ళేలు పరుచుకున్నాయి. నేలమీద చాపలు పడ్డాయి. కర్, కర్ మని చప్పుళ్ళు మొదలయ్యాయి. నేనూ ఒక ముక్క తీసుకున్నాను, మర్యాద పోకూడదు కదా.

“రా బాబూ, కూర్చో, కూర్చో,” అని అవ్వ నిషివకి చెయ్యి పట్టుకుంది.

నిషివకి కదల్లేదు. ముఖం పాలిపోయింది.

“అవ్వగారూ, ఇది తయారీ గది. ఇక్కడ తినకూడదు, తాగకూడదు. బయటి బూట్లతో రాకూడదు. ఇలా వాడే గదికి నేను లైసెన్సు ఇమ్మని రాయలేనండీ.”

కర్‌కర్‌లు ఆగిపోయాయి. మత్సు వదిన నోట్లో ముక్క నములుతూ నములుతూ ఆగింది.

“ఇంటికొచ్చిన మనిషి నోరు కదపకుండా పోతే ఆ ఇంటి గక్కొ పాడయిందని మా ఊళ్ళో అనుకుంటారు బాబూ,” అంది అవ్వ.

“అర్థమైందండీ. కానీ ఇది ఇల్లు కాదు.”

అవ్వ చుట్టూ చూసింది. పలకలు, తొట్లు, బల్లలు, బల్ల మీద తన పళ్ళేలు, మట్టి అంటిన నేల. తవుడు పట్టి పట్టి గీతలు పడిన తన చేతుల వంక చూసుకుంది. జీవితమంతా గక్కొ పెట్టిన చోటే గక్కొ వడ్డించిన మనిషి. ఇకనుంచి గక్కొ పెట్టే గదిలో ఒక్క ముక్క కూడా ఎవరికీ పెట్టకూడదు. లైసెన్సంటే ఇదన్నమాట. కుళాయి తిప్పడం తేలికే. ఇది తేలిక కాదు.

“సరే బాబూ,” అంది చివరికి. “ఈ గుమ్మం దాటి అవతల వసారాలో?”

“అది తయారీ గదిలోకి రాదండీ. అక్కడ మీ ఇష్టం.”

అంతే! మా అవ్వ ఇటు తిరిగింది. పారకన్నా పొట్టి మనిషి దూలమంత అయిపోయింది.

“లేవండే! అందరూ బయటికి! చాపలు తియ్యి, పళ్ళేలు తియ్యి! మత్సూ, మింగితే మింగు, లేకపోతే బయట మింగు! ఒరే యసుకే, ఆ బూట్లేందిరా, పంది దొడ్డిలోకి వచ్చావా? ఇకనించి ఈ గుమ్మం దాటి నోట్లో ఏదన్నా వేసుకున్నవాడు నా మనిషి కాదు!”

“అరె, పిలిచింది నువ్వే కదే!” అంది మత్సు వదిన.

“పిలిచింది నేనే, పొమ్మంటుందీ నేనే! నడు!”

మేం ఎలకల్లాగే బారులు తీరి వసారాలోకి నడిచాం. పాత తరగతి గదుల్లోంచి పిల్లల బల్లలు లాక్కొచ్చి వసారా పొడవునా వేశాం. అవ్వ లోపల ఒక్కతే నిలబడి నేల మళ్ళీ కడిగింది, తుడిచింది, బల్లలు వేడినీళ్ళతో రుద్దింది. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. నిషివకి గోడ వారన ఓపిగ్గా నిలబడ్డాడు. ఊరంతా ఊపిరి బిగబట్టి కిటికీ అద్దాల మీద ఆవిరి పట్టించింది. ఆ ఆవిరి తుడుచుకుంటూ చూడాల్సి వచ్చింది నాకు.

ఆయన మళ్ళీ బయటికొచ్చి, మళ్ళీ చేతులు కడుక్కుని, మళ్ళీ మొదట్నించీ చూశాడు. తర్వాత టోపీ తీసి చంకలో పెట్టుకుని గుమ్మం దాటి వచ్చాడు.

“లైసెన్సు ఇచ్చేది నేను కాదు, ఆఫీసండీ. కానీ నేను రాసేదాంట్లో అభ్యంతరం ఏమీ ఉండదు.”

ఆ మాటకి మేం పెట్టిన కేకకి కొండ మీద ఆ ఏడాదికి మిగిలిన ఆఖరి మంచు కూడా దిగివచ్చింది. ఎలుగుబంట్లు పొరుగు జిల్లాకి మారిపోయాయి. మత్సు వదిన ఏడుస్తూ అవ్వ వీపు మీద బాదింది. అవ్వ మాత్రం సంతోషం పట్టలేక మళ్ళీ మొదటి పనే చేసింది. పళ్ళెం తీసుకుని నిషివకి ముందు పెట్టింది.

“ఇప్పుడు తిను బాబూ. ఇది వసారా.”

ఆయన వంగి నమస్కారం పెట్టాడు. “క్షమించాలండీ. డ్యూటీలో ఉన్నాను. తనిఖీకి వెళ్ళిన చోట ఏమీ తీసుకోకూడదు.”

“అయిపోయింది!” అంది మత్సు వదిన కళ్ళు తుడుచుకుంటూ. “నోరు కదపలేదు. పోయిందే నీ గక్కొ!”

అవ్వ పళ్ళెం దించలేదు. “డ్యూటీ ఎప్పుడుండదు?”

“ఆదివారం ఉండదండీ.”

“అయితే ఆదివారం సంతకి రా. ఈలోగా లైసెన్సు రాకపోతే ఆ తర్వాతి ఆదివారం రా. డబ్బులిచ్చి కొనుక్కో. అది తీసుకోవడం కాదుగా?”

లైసెన్సు నెలాఖరుకి ముందే వచ్చింది. చట్రం నేనే చేశాను. అవ్వ దాన్ని తయారీ గది గుమ్మం పైన, బయటి వైపు, వసారాలో టీ తాగేవాళ్ళకి కనపడేలా కొట్టించింది. తర్వాతి ఆదివారం హైవే పక్క సంతలో జనం వరుసలో నిలబడ్డారు, వరుసలో నిషివకి కూడా ఉన్నాడు, పక్కన పెళ్ళాంతో. డబ్బులిచ్చి పొట్లం తీసుకుని, అక్కడే నిలబడి విప్పి, ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. కర్రుమంది. అవ్వ ఆ చప్పుడు విన్నది. సరిగా వినపడని చెవులతో, అంత జనం మధ్య, అంత దూరం నుంచి విన్నదని నేను ప్రమాణం చేసి చెప్తాను.

శీతాకాలం ముందు స్కూలు వెనక కొట్టులోంచి పొగ లేచింది. మూడువేల ముల్లంగులు జడలేసుకుని దూలాలకి వేలాడాయి. ఇప్పుడు అవ్వ గదికి రోజూ మొదట వచ్చేది మత్సు వదిన. టీవీ పాడయిందట.

ఇదంతా నేను రాసి, వసారాలో పిల్లల బల్ల దగ్గర టీ తాగుతూ అవ్వకి చదివి వినిపించాను. చివరిదాకా విన్నది. కప్పు కింద పెట్టింది.

“స్కూలూ లేదు, హెడ్‌మాస్టరూ లేదు. వంటగది అద్దెకి తీసుకున్నా. ముల్లంగి ఊరేస్తున్నా. ఫోన్లో ఆ పిల్లకి సరిగా వినపడలేదు, అంతే.”